గరుడసేవ మర్నాడు చెన్నైకి: పిల్లలతో మూడు రోజులు

మాది తిరుపతి. ఇల్లు రైల్వే స్టేషన్‌కు దగ్గర. పొద్దున పాల ప్యాకెట్‌కు వెళ్ళినా, సాయంత్రం కూరగాయలకు వెళ్ళినా యాత్రకు వచ్చిన కుటుంబాలు కనిపిస్తూనే ఉంటాయి. గుండు చేయించుకుని గంధం పూసుకున్న పిల్లలు బ్యాగుల మీదే తల పెట్టి నిద్రపోతుంటారు. తండ్రి ఎవరినో అడుగుతుంటాడు, కాళహస్తి ఎంత దూరం, కాణిపాకం బస్సు ఎక్కడ ఎక్కాలి, రెండూ ఈరోజే అవుతాయా అని. తల్లి నిద్రలో ఉన్న పిల్లను లేపి చెప్పులు తొడుగుతుంటుంది. వాళ్ళను చూసినప్పుడల్లా నా పిల్లల్ని ఇలా తిప్పకూడదు అనుకునేదాన్ని. పోయిన దసరా సెలవుల్లో చెన్నై వెళ్ళినప్పుడు మొదటి రోజు సరిగ్గా అలాగే తిప్పాను. మిగతా రెండు రోజులు వేరేగా గడిచాయి. "పిల్లలతో పెద్ద సిటీకి సెలవులకు పోవచ్చా?" అని మా ఆఫీసులో ఈ మధ్య ముగ్గురు నలుగురు అడిగారు. ఒక్క మాటలో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ఇంట్లో మేము ఐదుగురం. మా ఆయనకు బైక్ మెకానిక్ షెడ్డు ఉంది. పెద్దది ఐదో తరగతి, చిన్నోడు ఒకటో తరగతి. అత్తయ్య మాతోనే ఉంటారు. గరుడసేవ టీవీలోనైనా చూడకుండా ఊరు దాటేది లేదని అత్తయ్య అన్నారు. ఆయుధ పూజకు షెడ్డులో ఉండాల్సిందేనని మా ఆయన అన్నారు. ఆ రెంటికీ మధ్య మాకు మిగిలింది మూడు పగళ్ళు, రెండు రాత్రులు.

మా ఆడపడుచు ఫోన్ చేసి, "పిల్లోళ్ళను తీసుకోని సిటీకి ఏంది వదినా, ట్రాఫిక్కు, పొగ, ఖర్చు. హార్స్‌లీ హిల్స్‌కు పోండి, చల్లగా ఉంటుంది" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ మా పిల్లలు పుట్టినప్పటి నుంచి మేడ ఎక్కితే కొండలే చూస్తున్నారు. వానలు పడితే కపిలతీర్థంలో జలపాతం చూస్తారు. వాళ్ళు చూడనిది సముద్రం. నేల కింద పోయే రైలు కూడా చూడలేదు. చిన్నోడు మెట్రో వీడియోలు చూసీ చూసీ ఇంట్లో కుర్చీలు వరసగా పెట్టి "నెక్స్ట్ స్టేషన్" అని అరుస్తుండేవాడు. చెన్నై మనకు దాదాపు 150 కిలోమీటర్లు, రైల్లో మూడున్నర గంటలు. తమిళం మాకు కొంచెం వచ్చు. ఇడ్లీ, పెరుగన్నం దొరికితే చాలు, పిల్లల తిండికి బెంగ ఉండదు.

ప్లాన్ వేసే పని నేను తీసుకున్నాను. నోట్‌బుక్‌లో పదకొండు చోట్లు రాశాను. పెద్దది పక్కన కూర్చుని చూసి, "జూ ఎందుకు మా, మన జూ ఉంది కదా" అంది. నిజమే. మన శ్రీవేంకటేశ్వర జూ విస్తీర్ణంలో దేశంలోని పెద్ద జూలలో ఒకటి, ఏడాదికి రెండుసార్లు వెళ్తుంటాం. వండలూరు జూ కొట్టేశాను. అలిపిరి దగ్గర సైన్స్ సెంటర్ ఉంది కాబట్టి అక్కడి సైన్స్ సెంటర్ కూడా కొట్టేశాను. ఇంకా తొమ్మిది ఉన్నాయి. మూడు రోజులకు తొమ్మిది, రోజుకు మూడు, సరిపోతుందిలే అనుకున్నాను. లెక్క కాగితం మీద బాగానే కుదిరింది.

గరుడసేవకు చెన్నై నుంచి గొడుగులు మన కొండకు నడిచి వస్తాయి కదా, అవి ఇక్కడికి చేరాక మేము అటు బయలుదేరాం. తెల్లవారి గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సేవ చూసుకుని తిరిగెళ్ళే తమిళ భక్తులతో బోగీ నిండిపోయి ఉంది. రిజర్వేషన్ ముందే చేసుకోబట్టి సరిపోయింది. పుత్తూరు దాటాక చిన్నోడు నిద్రపోయాడు. అరక్కోణం దాటాక తిరువాలంగాడు అనే చిన్న స్టేషన్ వస్తుంది. అత్తయ్య కిటికీలోంచి బోర్డు చదివి దణ్ణం పెట్టుకున్నారు. నటరాజు కాళిమాతతో పోటీపడి నాట్యం చేసిన ఊరు అదేనని పెద్దదానికి చెప్పారు. అది విని ఊరుకుంది. రెండో రోజు ఆ పేరు మళ్ళీ మా ముందుకు వచ్చింది.

ఎగ్మోర్‌లో లాడ్జి తీసుకున్నాం. పది గంటలకే గది ఇస్తామని ఫోన్‌లో చెప్పారు, వెళ్ళాక పన్నెండు దాటాలన్నారు. బ్యాగులు అక్కడే పెట్టి బయటపడ్డాం. ఆ రోజు చెడింది అక్కడే. పొద్దున నాలుగున్నరకు లేచిన పిల్లలు స్నానం లేకుండా, కాసేపు నడుం వాల్చకుండా సెయింట్ జార్జి కోటకు వచ్చారు.

ఆ కోట గురించి పిల్లలకు చెప్పాలని నేను ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. 1639లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళకు ఆ సముద్రపు ఒడ్డు రాసిచ్చింది దామెర్ల నాయకులు. అది చంద్రగిరి రాజుల ఏలుబడిలోని నేల. చెన్నపట్నం అనే పేరు కూడా దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీదే వచ్చిందంటారు. మన ఇంటి నుంచి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రగిరి కోటకు ఎన్నిసార్లు పోలేదు! ఆ రాజ్యపు నేల మీదే ఇంత పట్నం లేచిందని పిల్లలకు చూపించాలని ఆశ. సెక్యూరిటీ చెకింగ్ అయ్యి లోపలికి వెళ్ళి నేను మొదలుపెట్టేసరికి చిన్నోడు నీళ్ళన్నాడు, తర్వాత బాత్రూమ్ అన్నాడు. పెద్దది నా మాట వింటూనే ఆవలించింది. సగంలో ఆపేశాను.

అక్కడి నుంచి మెరీనా. మధ్యాహ్నం రెండు గంటలు. ఇది రాస్తుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంది. పిల్లలు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సముద్రం చూసింది ఆ ఎండలో. మెరీనాలో రోడ్డు నుంచి నీళ్ళ దాకా ఇసుక చాలా దూరం ఉంటుంది. సగం దూరం పోయేసరికి చిన్నోడి చెప్పుల్లోకి ఇసుక దూరి కాలింది. వాడు ఏడుస్తూ ఒంటికాలి మీద నిలబడ్డాడు. మా ఆయన వాడిని ఎత్తుకున్నారు. అత్తయ్య ఒక ఖాళీ బండి నీడలో కూర్చుండిపోయారు. సముద్రాన్ని దూరం నుంచే చూసి వెనక్కి తిరిగాం. "అయిపోయిందా?" అని అడిగింది పెద్దది.

అయినా నేను ఆగలేదు. సాయంత్రం టీ నగర్ రాసుకున్నాను కాబట్టి టీ నగర్. అత్తయ్యకు చీర కొనాలి, పండగ బట్టలు అక్కడే చవక అని. రంగనాథన్ వీధి చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మాంబళం స్టేషన్ పక్కన ఉండే ఆ సన్నటి వీధిలో పండగ ముందు అడుగు మనం వేయం, వెనకున్న జనం వేయిస్తారు. నేను అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను. మా ఆయన రెండు సంచులు మోస్తున్నారు. చిన్నోడు పెద్దదాని చెయ్యి పట్టుకున్నాడు. ఒక కొట్టు ముందు బొమ్మ హెలికాప్టర్ గాల్లోకి లేచింది. నేను వెనక్కి తిరిగేసరికి పెద్దది ఒక్కతే ఉంది.

నాలుగైదు నిమిషాలు అయి ఉంటుంది. తిరుమలలో మైకులో రోజంతా తప్పిపోయిన వాళ్ళ పేర్లు చదువుతుంటారు. చిన్నప్పటి నుంచి ఆ పిలుపులు వింటూ పెరిగాం. ఈ వీధిలో మైకు లేదు. నేను వాడి పేరు పెట్టి అరుస్తుంటే నా గొంతు నాకే వినపడటం లేదు. మా ఆయన సంచులు అక్కడే పడేసి వెనక్కి దూసుకుపోయారు. రైలు దిగగానే వాడి ఎడమ చేతి మీద బాల్‌పెన్నుతో నా ఫోన్ నంబర్ రాసి, "మేము కనపడకపోతే పరుగెత్తొద్దు, ఉన్నచోటే నిలబడు" అని చెప్పాను. ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి తమిళంలో, "పిల్లాడు నా దగ్గర ఉన్నాడమ్మా, మల్లెపూల బుట్ట దగ్గర" అంది. వెళ్ళేసరికి వాడు ఆమె బుట్ట పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఒక చేత్తో పూలు కడుతూనే రెండో చేత్తో వాడి చొక్కా కొస పట్టుకుని ఉంది. వాడు మమ్మల్ని చూశాకే ఏడ్చాడు. "అళాదే కన్నా" (ఏడవకు నాన్నా) అని ఆమె వాడి చెంపలు తుడిచింది. చెమటకు చేతి మీద నంబర్లో రెండు అంకెలు చెదిరిపోయి ఉన్నాయి. ఎలా చదివిందో ఆ తల్లి. డబ్బులిస్తే తీసుకోలేదు. నాలుగు మూరలు పూలు కొన్నాను. చీర కొనలేదు.

ఆ రాత్రి పిల్లలు అన్నం తినకుండానే పడుకున్నారు. కిటికీ లేని గది, ఐదో మనిషికి పరుపు వేయడానికి వేరే డబ్బులు. నేను నోట్‌బుక్ తీసి కూర్చున్నాను. మా ఆయన నన్ను ఏమీ అనలేదు. "రేపు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యాహ్నం ఇక్కడే ఫ్యాన్ కింద పడుకుందాం" అన్నారు, అంతే. మిగిలిన వాటిలో ఏది ఉంచాలి అని పొద్దున లేచాక పిల్లల్నే అడిగాం. ఇద్దరూ చెప్పింది సముద్రం. "నిన్న చూసింది కాదు, నిజంగా" అన్నాడు చిన్నోడు. ఆ తర్వాత వాడికి మెట్రో, పెద్దదానికి లైబ్రరీ.

రెండో రోజు పొద్దున మ్యూజియం. ఎగ్మోర్‌లో దిగడం వల్ల కలిగిన మేలు అదే, లాడ్జి నుంచి ఆటోకు ఐదు నిమిషాలు. 1851లో మొదలైన మ్యూజియం, ఒక్క భవనం కాదు, పెద్ద ఆవరణ. శుక్రవారం సెలవు, మేము వెళ్ళింది గురువారం. అంతా చూడాలని పెట్టుకోలేదు, మూడే చూశాం. తిమింగలం అస్థిపంజరం కింద చిన్నోడు ఈ చివరి నుంచి ఆ చివరికి అడుగులు లెక్కపెట్టాడు, ఎన్నో మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. ఎవరూ తొందర పెట్టలేదు.

కంచు విగ్రహాల గదిలో అత్తయ్య ఒక నటరాజు ముందు ఆగిపోయారు. పక్కన బోర్డు మీద ఊరి పేరు చదివింది పెద్దది: తిరువాలంగాడు. "అవ్వా, నిన్న రైల్లో చూసిన ఊరు!" అని అరిచింది. చోళుల కాలపు విగ్రహం, ఆ ఊళ్ళో దొరికింది. ముందు రోజు దాటి వచ్చిన చిన్న స్టేషన్ ఇక్కడ కంచులో నిలబడి ఉందన్నట్టుగా అవ్వా మనవరాలూ దాన్ని చుట్టూ తిరిగి చూశారు. ఒక కాలు ఎత్తిన స్వామి తూలిపోకుండా ఎలా నిలబడ్డాడని పెద్దది తానూ అలా నిలబడి చూసింది. నేను ఫోటో కూడా తీయలేదు, చూస్తూ ఉండిపోయాను.

తర్వాత అమరావతి శిల్పాలు. పుస్తకంలో పాఠం చదివింది కాబట్టి గుర్తుపట్టింది. "మన అమరావతివి ఇక్కడెందుకున్నాయి మా?" అని అడిగింది. అప్పుడు మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నామని, 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించి మద్రాసుకు పంపాడని, వాటిలో చాలా భాగం తర్వాత లండన్ పోయిందని చెప్పాను. దానికి కోపం వచ్చింది. "అడగరా మరి?" అంది. ఆ కోపం చూసి నాకు సంతోషమైంది. ముందు రోజు కోటలో చెప్పబోయి ఆగిపోయిన కథలో లేనిది ఇదే. పిల్ల ఒళ్ళు అలిసి లేకపోతే, కడుపు నిండి ఉంటే, ప్రశ్న దానంతట అదే వస్తుంది. రెండు గంటలకు గదికి వచ్చేశాం. ఐదుగురం నాలుగున్నర దాకా నిద్రపోయాం. టూర్‌కు వచ్చి పడుకుంటారా అనే వాళ్ళుంటారు. నా అనుభవంలో ఆ రెండున్నర గంటల నిద్రే మిగతా టూర్‌ను నిలబెట్టింది.

లేచాక మైలాపూర్ ఉత్తర మాడ వీధి. ఇది నా లిస్టులో లేదు, అత్తయ్య కోరిక. నవరాత్రులకు ఆ వీధి పొడవునా కొలువు బొమ్మలు అమ్ముతారు. దశావతారాలు, పెళ్ళి ఊరేగింపు, శెట్టి దంపతులు, కూరగాయలమ్మి, క్రికెట్ టీం కూడా. పండగ సగం దాటిపోయింది కాబట్టి బేరానికి ఒప్పుకున్నారు. అరగంటే ఉన్నాం. పెద్దది ఒక కుండలు చేసే మనిషి బొమ్మ ఏరుకుంది, అత్తయ్య ఒక చిన్న గరుడుణ్ణి.

ఐదున్నర దాటాక మెరీనా చేరాం. అదే ఇసుక, ఇప్పుడు చల్లగా ఉంది. చిన్నోడు చెప్పులు విప్పి చేతికి ఇచ్చి పరుగెత్తాడు. నీళ్ళ దగ్గరకు పోయి ఆగాడు. ఒక అల వచ్చి మోకాళ్ళ దాకా తడిపి వెనక్కి పోయింది. పోతూ పోతూ పాదాల కింది ఇసుకను లాగేసింది. వాడు తూలి మా ఆయన చెయ్యి పట్టుకుని, "నాయనా, నేల పోతాంది!" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఈ ప్రయాణం మొత్తం ఇచ్చేస్తాను. మెరీనాలో అలల లాగుడు ఎక్కువ, స్నానాలు చేయకూడదు, చాలామంది పోయారు. అందుకే మా ఆయన ఒక చేత్తో వాడిని, ఒక చేత్తో పెద్దదాన్ని పట్టుకుని వాళ్ళు తడిసినంత సేపూ తానూ తడిశారు. అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలో నిలబడ్డారు. నలభై ఏళ్ళ కింద కంటి ఆపరేషన్‌కు మద్రాసు వచ్చినప్పుడు కట్టు విప్పాక మామయ్య ఇక్కడికి తీసుకొచ్చారట. ఆ సంగతి అంతవరకు మాకెవరికీ చెప్పలేదు. పచ్చిమామిడి, కొబ్బరి కలిపిన బఠాణీ సుండల్ పొట్లాలు తింటూ చీకటి పడేదాకా కూర్చున్నాం.

మూడో రోజు విడిపోయాం. నాకు ఎప్పుడూ తట్టని పని ఇది. కుటుంబంతో వెళ్తే అందరూ అన్నీ కలిసే చూడాలనుకుంటాం, అందుకే సగం మంది ఎప్పుడూ విసుక్కుంటూ ఉంటారు. పెద్ద ఊళ్ళో ఎవరికి కావాల్సింది వాళ్ళకు ఒకే పూట దొరుకుతుంది. అత్తయ్య గదిలో ఉంటానన్నారు. మేము నలుగురం ఎగ్మోర్‌లో మెట్రో ఎక్కి, సెంట్రల్‌లో లైను మారి, లిటిల్ మౌంట్‌లో దిగాం. సెంట్రల్‌లో ఒక లైను కింద ఇంకో లైను. ఎస్కలేటర్ మీద అంత లోతుకు దిగుతుంటే చిన్నోడు మాట్లాడటం మానేశాడు. ప్లాట్‌ఫాం అద్దం తలుపులు, రైలు తలుపులు రెండూ ఒకేసారి తెరుచుకుంటాయి కదా, అది వాడికి అన్నిటికంటే గొప్పగా అనిపించింది. సైదాపేట దాటాక రైలు చీకట్లోంచి వెలుతురులోకి ఎక్కుతుంది. వాడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పిల్లలున్న వాళ్ళకు ఇంకో మాట: మెట్రో స్టేషన్లలో బాత్రూములు ఉంటాయి. చిన్న పిల్లలతో తిరిగే వాళ్ళకు దాని విలువ తెలుసు.

అక్కడి నుంచి తండ్రీ కొడుకులు గిండీ పాముల పార్కుకు, ఆ తర్వాత మెట్రోలో విమానాశ్రయం దాకా పోయి రావడానికి వెళ్ళారు. మేమిద్దరం ఆటోలో కొట్టూర్‌పురం, అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్ళాం. 2010లో కట్టిన తొమ్మిది అంతస్తుల భవనం. కింది అంతస్తులో చూపు లేనివాళ్ళకు బ్రెయిలీ విభాగం ఉంది. అక్కడ ఒకాయన వేళ్ళతో పేజీ తడుముతూ చదువుతుంటే పెద్దది నా చీర కొంగు పట్టుకుని చాలాసేపు చూసింది. మొదటి అంతస్తు మొత్తం పిల్లలదే, మధ్యలో ఒక పెద్ద చెట్టు కట్టారు. దాని కింద కూర్చుని బొమ్మల పుస్తకాలు ఇంగ్లీషువి ఒక్కొక్కటే చదివింది. నేను పక్కన కూర్చున్నాను. రెండు గంటలు గడిచినా "పోదామా" అనలేదు. లైబ్రరీ చూడటానికి సెలవుల్లో ప్రయాణమా అని మా ఆఫీసులో ఒకరు అడిగారు. పదేళ్ళ పిల్లకు ఒక ఊరు అంత పెద్ద అంతస్తు, కూర్చోవడానికి ఒక చెట్టు నీడ పెట్టి, నువ్వు చదువుకో అన్నదంటే అంతకంటే ఏం కావాలి. మన తిరుపతిలో అలాంటిది ఒకటి వస్తే బాగుంటుందని గట్టిగా అనిపించింది.

ఖర్చు విషయం. రైలు, లాడ్జి, తిండి, ఆటోలు, మెట్రో, బొమ్మలు అన్నీ కలిపి పద్నాలుగు వేలు దాటలేదు. అందులో ఎక్కువ కరిగింది మొదటి రోజు ఆటోలకే. పిల్లలకు గుర్తున్న వాటిలో సముద్రం, లైబ్రరీ, తిమింగలం, మెట్రో ఉన్నాయి. వీటికి డబ్బులే పెద్దగా కాలేదు. చూడలేకపోయినవి కొన్ని మిగిలిపోయాయి. ఒక్కటి కూడా ఇంతవరకు పిల్లలు అడగలేదు. అడుగుతున్నది మళ్ళీ ఎప్పుడు అనే. పిల్లలు మూడేళ్ళ లోపు వాళ్ళైతే మాత్రం నేను వద్దంటాను, ఎత్తుకు తిరగడానికి పట్నం చాలా పెద్దది. ఎండాకాలం కూడా వద్దు. అక్టోబర్లోనే ఆ ఇసుక అంత కాలింది.

సాయంత్రం అదే గరుడాద్రిలో తిరుగు ప్రయాణం. తిరువాలంగాడు వచ్చేసరికి చీకటి పడుతోంది, పెద్దది అద్దానికి చేతులడ్డం పెట్టుకుని బోర్డు కోసం వెతికింది. తర్వాత నా ఒళ్ళో తల పెట్టి, "మా, కోటలో చంద్రగిరి రాజులని ఏదో చెప్పినావే, మళ్ళీ చెప్పు" అంది. రేణిగుంట వచ్చేదాకా చెప్పాను.

మర్నాడు షెడ్డులో ఆయుధ పూజ. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, జాకీ కడిగి పసుపు కుంకుమలు పెట్టి వరసగా పేర్చారు మా ఆయన. వాటి చివర చిన్నోడు తన మెట్రో టికెట్ కాగితం తెచ్చి పెట్టాడు. ఎగిరిపోతుందని దాని మీద ఒక నట్టు పెట్టి, అత్తయ్య దానికీ కుంకుమ బొట్టు పెట్టారు.